జీడితోటలో కూత

నిద్ర లేవగానే కొందరు అరచేతులు చూసుకుంటారు, కొందరు గోడ మీది దేవుణ్ణి చూస్తారు. నేను పిడికిలి చూసుకుంటాను. పక్క మీద ఉండగానే కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి మడవాలి. చిటికెనవేలు మాట వింటుంది. ఉంగరంవేలు బేరమాడుతుంది. నడిమివేలు దగ్గర యుద్ధం మొదలవుతుంది. రాత్రంతా ఎవరో నా కణుపుల్ని రోట్లో వేసి దంచి, గాజుపెంకులు కలిపి, పైన చర్మం కప్పి కుట్టేసి పోయినట్టుంటుంది. పిడికిలి పడితే ఆ రోజు నాది. పడకపోతే రోగానిది. ఇద్దరం వంతులేసుకుని బతుకుతున్నాం. దాని వంతే ఎక్కువసార్లు వస్తుంది.

విజయనగరంలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. రోగనిరోధక శక్తి అన్న మాటకు ‘రోగమును నిరోధించునది’ అని ఏళ్ళ తరబడి విగ్రహవాక్యం చెప్పాను. నా ఒంట్లోకి వచ్చేసరికి అది ‘రోగమై నిరోధించునది’ అయింది. ఒంటిని కాపలా కాయాల్సిన సైన్యం పొరపాటున సొంత కీళ్ళనే శత్రువు అనుకుని మీద పడుతోందన్నారు డాక్టరు. ఎందుకండీ అనడిగితే ఆయన పెదవి విరిచారు. మానుతుందా అనడిగితే, మానదు గానీ అదుపులో ఉంటుందన్నారు. పక్కనే కూర్చున్న మా ఆవిడ, “ఈయనా అంతేనండి,” అంది.

రోగం కీళ్ళకే వచ్చింది. మిగిలిన ఒళ్ళంతా భయం కౌలుకు తీసుకుంది. వారానికోసారి వేసుకునే మాత్ర ఆ సైన్యాన్ని అణచి ఉంచుతుంది. సైన్యం అణిగి ఉన్నప్పుడు బయటినుంచి ఏ పురుగు వచ్చినా అడ్డుండదు, జ్వరం వస్తే తేలిగ్గా తీసుకోవద్దు అని చెప్పారు. చెప్పకుండా ఉంటే బాగుండేది. అప్పట్నుంచి మగవాళ్ళు జేబులో పెన్ను పెట్టుకునే చోట నేను థర్మామీటరు పెట్టుకున్నాను. ఓసారి హాజరుపట్టీలో సంతకం చేయబోయి దాన్నే తీశాను. ముందు వరస పిల్లలు చూశారు. వాళ్ళు నవ్వకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

గుండెదడ మాత్రం నవ్వులాట కాదు. పాఠం మధ్యలో ఉన్నట్టుండి ఛాతీ లోపల ఎవరో తలుపు బాదుతారు. చెవుల్లో హోరు. చేతులు మంచుగడ్డలు. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతుంది. చచ్చిపోతున్నాను అన్న సంగతి ఎంత స్పష్టంగా తెలుస్తుందంటే, తెలుగు వ్యాకరణంలో ఏ సూత్రమూ నాకు అంత స్పష్టంగా తెలియదు. అలా క్లాసులోంచి రెండుసార్లు పరుగెత్తాక, మనసు వైద్యం చూసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ చాలా మెల్లగా మాట్లాడుతుంది. రోజూ పొద్దున్నే ఎవరూ లేని ప్రశాంతమైన చోట కళ్ళు మూసుకుని కూర్చోమంది. నిదానంగా పీల్చి, అంతకన్నా నిదానంగా వదలమంది. చుట్టూ నిశ్శబ్దం ఉండాలంది.

ఆవిడది విజయనగరం. మా అత్తవారిది నౌపడ స్టేషన్లో దిగి ఇంకా లోపలికి పోవాల్సిన ఊరు. ఉప్పుమడులు దాటి, కొబ్బరితోటలు దాటి, జీడితోటల్లోకి. ఆ తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని ఆవిడకు ఎలా తెలుస్తుంది?

రెండేళ్ళ కిందటి వేసవి సెలవులకు వెళ్ళాం. జీడిపిక్కలు రాలే రోజులు. అప్పుడు ఊరంతా తోటల్లోనే ఉంటుంది. ఎలుగూ తోటల్లోనే ఉంటుంది. మనుషులు పిక్క ఏరుకుంటారు, అది పండు తింటుంది. ఒప్పందం ప్రకారం చూస్తే ఏ తగువూ రాకూడదు. తగువు రాకుండా ఉండటానికి మా అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. తోటలో అడుగు పెట్టింది మొదలు బయటికొచ్చేదాకా గట్టిగా కూతేస్తూ ఉండాలి. దాని పేరు ఎత్తరు, ‘పెద్దాయన’ అంటారు. మా బామ్మర్ది గొంతు ఊళ్ళో అందరికన్నా పెద్దది. “పెద్దాయనో... నానొస్తన్నానో... పక్కకి తప్పుకో నాయనో...” అని వాడు తోటలోకి దిగితే, బస్సు హారను విన్నట్టు పిల్లలు కూడా పక్కకి తప్పుకునేవారు.

వాడు మా ఆవిడకు తమ్ముడు. జీడితోటే వాడి లోకం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకి కూడా ఇల్లు చూపించకుండా ముందు తోట చూపించాడట. నేను వచ్చిన రోజే నన్ను తోట అంచున నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

“దానికి మన మీద పగేటీ లేదు బావా. సూపు తక్కువ. తలొంచుకుని తింటాది. మనం మీదికెళ్ళిపోయేదాకా దానికి తెల్దు. తెలిస్తే హడలిపోద్ది. హడలిపోనాదా, ఇంక కొట్టేస్తాది. అందుకే ముందే సెప్పాల. ఏదీ, ఓపాలి కూతెయ్యి.”

నేను గొంతు సవరించుకుని, “అయ్యా, వస్తున్నానండీ,” అన్నాను.

వాడు కూలబడి నవ్వాడు. “ఎలుగ్గొడ్డుకి అండీ ఏటి బావా! నీకది ప్రిన్సిపాలేటి? పోనీ ఓ పని సెయ్యి. నీ రోగాలున్నాయి గదా, అవి సదువు. మా అప్ప సెవిలో రోజూ సదువుతావంట. ఎలుగు గాని ఇన్నాదంటే కొండలు దాటి ఒడిశా ఎల్లిపోద్ది.”

మూడోనాటికి నేను నిశ్శబ్దం వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో అది దొరికే వస్తువు కాదు. కోళ్ళు, మిక్సీ, టీవీ, మా అత్తగారు. పొద్దున్న అరగంట నన్నెవరూ పలకరించకండి, ఊపిరి తీసుకోవాలి అని చెప్పాను.

“ఊపిరి పీల్సడానికి కూడా సెలవెట్టాలేటి బాబూ?” అని మా అత్తగారు ఆశ్చర్యపోయింది. అంతలోనే తేరుకుని నా మోచేతికి ఒక అల్యూమినియం బకెట్టు తగిలించింది. “ఎలాగూ తోటలోకే ఎల్తన్నావు గదా. వచ్చీటప్పుడు రాలిన పిక్కలు నాలుగు ఏరుకొచ్చీ.” మోచేతికి తగిలించడానికి కారణం, పొద్దుటిపూట నా వేళ్ళు బకెట్టు పిడిని పట్టుకోలేవని ఆవిడకు తెలుసు.

ఇంటి వెనక మొదటి వరస చెట్ల దగ్గర రోజూ మనుషులు తిరుగుతూనే ఉంటారు. అక్కడ కూర్చోవచ్చు. నేనేమో నాకు చెప్పిన నిశ్శబ్దం కోసం ఇంకో రెండు వరసలు దాటి వెళ్ళాను. జీడిచెట్టు కొమ్మలు నేలకి ఆనేలా వంగి ఉంటాయి. కిందకి దూరితే గుడారంలో కూర్చున్నట్టుంటుంది. మానుకు వీపు ఆన్చి, బకెట్టు మోచేతికి అలాగే ఉంచుకుని, కళ్ళు మూసుకున్నాను. కుళ్ళిన జీడిపళ్ళ పులుపువాసన. పీల్చాను, వదిలాను. చాలాకాలం తర్వాత మొదటిసారి ఊపిరి అడుగుదాకా దిగింది. దాని చప్పుడు నాకే వినిపిస్తోంది. బుస్సుమని లోతుగా, నిండుగా, జుర్రుకుంటున్నట్టు. ఎంత బాగా పీలుస్తున్నాను అని మురిసిపోయాను. ఊపిరి ఒక్క క్షణం బిగబట్టి చూశాను.

చప్పుడు ఆగలేదు.

కళ్ళు తెరిచాను. కొమ్మల సందులోంచి, పక్క చెట్టు కింద నల్లటి వీపు కనిపించింది. నేల మీది పళ్ళని మూతితో ఊది, జుర్రి, మింగుతోంది. అదే క్షణంలో దానికి అవతలి వైపునుంచి మా బామ్మర్ది కనిపించాడు. మోకాళ్ళ మీద పాకుతూ వస్తున్నాడు. నెత్తిన తుండుగుడ్డ. పెదవుల మీద ఆపుకున్న నవ్వు. ఊపిరి పీల్చుకునే బావ వెనక నుంచి వెళ్ళి, మెడ మీద చెయ్యేసి ఒక్క అరుపు అరవాలని వాడి పథకం. వంగిన కొమ్మల చాటున వినబడే బుస బావ ఊపిరే అనుకున్నాడట. బావమరుదుల సరసం. పుట్టి బుద్ధెరిగాక కూతెయ్యకుండా వాడు తోటలోకి రావడం అదొక్కసారే. డాక్టరమ్మ చెప్పిందని నేను నోరు మూసుకున్నాను, సరదా కోసం వాడు నోరు మూసుకున్నాడు. పెద్దాయనకి మా సంగతి చెప్పేవాళ్ళు లేరు.

నేను నోరు తెరిచాను. కూత వచ్చేలోపే అయిపోయింది. వాడి చేతికింద ఎండుటాకు నలిగింది. అది తల తిప్పింది. ఇద్దరి మొహాలూ మూరెడు దూరంలో ఉన్నాయి. అది వెనక కాళ్ళ మీద లేచి, తిరగలి తిప్పినట్టు ఒక అరుపు అరిచి, వాడి మీద పడింది.

పోట్లాట అంటే దెబ్బకు దెబ్బ అనుకునేవాణ్ణి. అక్కడ దెబ్బలన్నీ ఒకవైపే. వేళ్ళంత పొడుగు గోళ్ళు వాడి నెత్తిమీద దిగి వెనక్కి లాగాయి. తల మీద చర్మం, జుట్టుతో సహా, తడిసిన అట్టలా లేచింది. వాడు చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది ఆ చేతుల్ని కొరికి పక్కకి తోసింది. దవడ మీద కొట్టింది. ఏదో విరిగిన చప్పుడు వచ్చింది, కొబ్బరిమట్ట విరిగినట్టు. వాడు అరవడం లేదు. అది మాత్రం ఏడుస్తున్నట్టు అరుస్తూనే ఉంది. భయపడ్డ జంతువు గొంతు అది. ఆ గొంతు నాకు తెలుసు.

ఎదురుగా దోటికర్ర పడి ఉంది, జీడిపళ్ళు రాల్చే పొడుగాటి కర్ర. అందుకున్నాను. వేళ్ళు మూసుకోలేదు. కర్ర జారిపోయింది. మళ్ళీ అందుకున్నాను, మళ్ళీ జారిపోయింది. నా జన్మలో పిడికిలి కోసం ఒంటిని అంతగా అడుక్కున్న పొద్దు లేదు, అది అంత మొండికేసిన పొద్దూ లేదు. చేతికి మిగిలింది మోచేతికి తగిలించిన బకెట్టే. ముంజేతితో సహా తిప్పి దాన్ని మాను కేసి కొట్టాను. ఖంగుమంది. మళ్ళీ కొట్టాను. ప్రతి దెబ్బకీ మణికట్టు దగ్గర్నుంచి భుజం దాకా నిప్పులో కాల్చిన చువ్వ దిగింది. కొడుతూ అరిచాను. ఎలుగెత్తడం అన్న మాట బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో, ఎత్తడం మాత్రం అదే మొదలు. ఏమని అరవాలో తెలియలేదు. నా బుర్రలో పగలూ రాత్రీ తిరిగే మాటలు ఏవుంటాయో అవే వచ్చాయి.

“మెథోట్రెక్సేట్! ఫోలిక్ యాసిడ్! హైడ్రాక్సీక్లోరోక్విన్! కుడి మోకాలు! ఎడమ మోకాలు! మెడ! దవడ! జ్వరం! దడ!”

అది వాణ్ణి వదిలి నా వైపు తిరిగింది. మూతి నిండా మావాడి నెత్తురు, అందులో జీడిపండు పిప్పి. నాలుగడుగులు వేసింది. నేను బకెట్టు బాదడం ఆపలేదు. అది లేచి నిలబడింది. నన్ను చూడలేదు, వాసన చూసింది. తర్వాత తల విదిలించి, నాలుగు కాళ్ళ మీద పడి, కొమ్మలు విరుచుకుంటూ వెళ్ళిపోయింది.

నేను వాడి దగ్గరికి పాకాను. లేచిన చర్మాన్ని అరచేత్తో వెనక్కి సర్ది, తుండుగుడ్డ చుట్టాను. ముడి వెయ్యాలి. వేళ్ళు రావు. ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండో కొస వాడి చేతిలోనే పెట్టి, “లాగరా,” అన్నాను. చిరిగిన చేత్తో వాడే లాగాడు. అలా ఇద్దరం కలిసి ఒక ముడి వేశాం. నోట్లో ఉప్పగా ఉంది. వాడి నెత్తురో, నా నాలుక కొరుక్కున్నానో ఇప్పటికీ తెలియదు.

ఆటోలో వాడి తల నా ఒళ్ళో ఉంది. ఎదుటి సీటులో మా ఆవిడ వాడి కాళ్ళు పట్టుకుని కూర్చుంది. “ఒరే, కళ్ళు మూసేవంటే సంపేస్తాను. ఎలుగు వొగ్గేసినాది గానీ నాను వొగ్గను,” అని తమ్ముణ్ణి తిడుతూనే ఉంది. కాలేజీ మాస్టారి భార్యగా విజయనగరంలో నేర్చిన భాషంతా నౌపడ గేటు దగ్గరే దిగిపోయింది.

“బావా,” అన్నాడు వాడు. మాట పెదవుల్లోంచి కాక చెంప పక్కనుంచి వచ్చింది. “కన్నుందా?”

“ఉంది.”

“రెండూనా?”

“రెండూ ఉన్నాయిరా.”

“మరేటి కనబడతలేదు?”

నా చొక్కా కొసతో తుడిచాను. రెప్ప ఆడింది. నన్ను చూశాడు. కాసేపటికి, “దానికి ఏటి సెప్పినావు?” అన్నాడు.

“మందుల పేర్లు చెప్పాను.”

వాడి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. చెంప చిరుగులో నెత్తుటి బుడగలు లేచాయి. పోతున్నాడనుకుని మా ఆవిడ కెవ్వుమంది. నవ్వాడంతే.

శ్రీకాకుళం ఆసుపత్రిలో వాడి తలా, చెంపా కుట్టారు. విరిగిన దవడని తీగతో కట్టేశారు. కొన్ని వారాలు మాట్లాడకూడదన్నారు. ఊళ్ళోకెల్లా పెద్ద గొంతు. కళ్ళు మాత్రం దక్కాయి. ఇక నా సంగతి. ఎలుగు ముందు రాని దడ, నా మణికట్టు చుట్టూ ఆసుపత్రి వాళ్ళు పట్టీ చుట్టేటప్పుడు వచ్చింది. బకెట్టు అంచు కోసుకుని ముంజేయంతా చీరుకుపోయింది. ఆ గాయాలు మానేదాకా వారం మాత్ర ఆపమన్నారు. ఆ మాట వినగానే వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాను. ఛాతీలో తలుపు బాదుడు మొదలైంది. మృత్యువు మూతి చూసి వచ్చినవాణ్ణి, ఇంకా దేనికి భయం? భయానికి ఆ లెక్కలు పట్టవు. దానికీ చూపు తక్కువే.

ఆ సాయంత్రం ఊళ్ళో మగవాళ్ళందరూ బల్లేలు, కర్రలు, గొడ్డళ్ళు పట్టుకుని ఎలుగు మీదికి వెళ్ళారట. సంగతి మర్నాడు తెలిసింది, ఎలా అంటే మా బామ్మర్ది పక్క మంచానికే ఒక ఊరివాణ్ణి మోసుకొచ్చారు. కాలి పిక్కలో బల్లెం దిగింది.

“ఎలుగు పొడిసినాదేటి?” అని అడిగింది మా ఆవిడ.

“ఎలుగెక్కడిది అప్పా,” అన్నాడు వాడు మూలుగుతూ. “అది ఎప్పుడో ఎల్లిపోనాది. నాను నల్ల దుప్పటి కప్పుకున్నాను, దోమలు కుడతంటే. మా బావ ఎనకనించి సూసినాడు. ‘అదిగోరా’ అన్నాడు. నానూ ఎటుందిరా అని సూస్తన్నాను. ఈలోగా నాలోనే దింపేసినాడు. నలుగురు కర్రలతో కూడా ఏసినారు. ‘నానురా, నానురా’ అంటంటే, ‘ఎలుగు మాటాడతన్నాదిరోయ్’ అని ఇంకా ఏసినారు.”

పొడిచిన బావ మంచం పట్టెమీద తలవంచుకుని కూర్చుని సొరకాయలా మొహం వేలాడేశాడు. బతికినంతకాలం ఈ కథ వాణ్ణి వదలదు. నేను మాత్రం గోడకానుకుని ఆ ఇద్దర్నీ చూశాను. డాక్టరు బొమ్మలు గీసి మరీ చెప్పినా నా రోగం ఏమిటో అప్పటిదాకా నాకు సరిగా బోధపడలేదు. మా అత్తవారి ఊరివాళ్ళు ఒక్క సాయంత్రంలో చేసి చూపించారు.

మాత్ర ఆపిన రెండో వారానికి నా ఒంట్లో బల్లేలు లేచాయి. మోకాళ్ళు ఉడికిన బంగాళాదుంపల్లా ఉబ్బాయి. దవడ కీలు బిగుసుకుపోయి నోట్లోకి ఇడ్లీ ముక్క దూరడానికి కూడా దారి లేదు. దుప్పటి మీద పడితే అరిచాను. దువ్వెన ఎత్తలేను, బొత్తాం పెట్టుకోలేను. ఒకరోజు స్నానాలగదిలో మగ్గు జారిపోతే, కసికొద్దీ ఆ చేతిని గోడకేసి బాదాను. ఒక దెబ్బ కాదు. మా ఆవిడ తలుపు తోసుకుని వచ్చి నా చేతిని తన కడుపుకి అదుముకుంది. “సాలు. అది కొట్టింది సాలదా, నువ్వు కూడా కొడతావేటి?” అంది.

గాయాలు మానాయి, మాత్ర మళ్ళీ మొదలైంది. తొలకరి వానలు పడ్డాక, కాస్త నడవగలిగి మళ్ళీ నౌపడ రైలెక్కాను. ఎక్కించింది అత్తగారి ఫోనే. “నీ బామ్మర్ది తోటలోకి దిగతలేదు బాబూ. రేపు ఎవులో వచ్చి కౌలుకి రాయించుకుంటారంట. తోట ఇచ్చేస్తే ఈడింక మనిసి కాడు. నువ్వొచ్చి ఓపాలి సెప్పు.” ఈ ప్రపంచంలో ధైర్యం చెప్పడానికి నన్ను పిలిచిన మొదటి మనిషి ఆవిడ.

వాడు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల మీద జుట్టు రాని దారులు. చెంప ఒకవైపు లోపలికి లాక్కుపోయింది. దవడ తీగ తీసేశారు గానీ, నోరు రెండు వేళ్ళ సందుకన్నా ఎక్కువ తెరుచుకోదు. మాట ఉంది, కూత లేదు. పడిపోయిన పిక్కలు చెట్ల కింద అలాగే ఉన్నాయి, కొన్ని మొలకెత్తుతున్నాయని మా అత్తగారు గొణుగుతోంది.

“కౌలుకిచ్చీమను బావా,” అన్నాడు నా మొహం చూడకుండా. “నాకింక దాని మీద ఇష్టం లేదు.”

“సరే, ఇచ్చేద్దాం. బకెట్టు అక్కడే పడి ఉంది కదా. అది మీ అమ్మది. తెచ్చేసి ఇద్దాం.”

వాడు అరుగు దిగాడు. తర్వాత చెప్పులు వేసుకున్నాడు.

మొదటి వరస దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. మొహం మీద చెమట పోసింది. ఛాతీ పట్టుకున్నాడు. “బావా, గుండె... ఊపిరి అందతలేదు... సచ్చిపోతన్నాను.” వాడి చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డ. తోటల గురించి నాకేమీ తెలియదు. ఈ సబ్జెక్టులో మాత్రం నేను లెక్చరర్ని.

“చావవు,” అన్నాను. “నేను దీంతో ఎన్నోసార్లు చచ్చాను. ఒక్కసారీ పూర్తిగా కుదర్లేదు. తొందర్లేదు, నిలబడు.”

“కళ్ళు మూసుకోనా? నువ్వు పీల్సినట్టు...”

“ఇక్కడొద్దురా బాబూ. ఇది నిశ్శబ్దంగా ఉండే చోటు కాదని ఇద్దరికీ తెలుసు. కూతెయ్యి.”

వాడు నోరు తెరిచాడు. రెండు వేళ్ళ సందులోంచి గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు. కుట్ల దగ్గర చర్మం తెల్లబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరగబోయాడు. నేను వాడి మోచేతిలో నా మోచెయ్యి దూర్చాను. వేళ్ళు పట్టుకోకపోయినా కొక్కెంలా అది గట్టిగానే పట్టుకుంటుంది. తలెత్తి అరిచాను.

“పెద్దాయనో! వస్తున్నామో! నా కుడిచెయ్యి బాగోలేదో! నడిమివేలు మడవదో! మెడ తిరగదో! జ్వరం లేదు గానీ వస్తుందేమోనని భయంగా ఉందో!”

కొబ్బరిచెట్ల మీది కాకులు లేచాయి. పక్క తోటలో ఎవరో ఆడమనిషి, “ఎవులమ్మా అది, ఏటైనాది?” అని కేకేసింది. వాడు ఒక అడుగు వేశాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను. నడుమూ, మడమలూ, పొద్దుటి బిగింపూ, రాత్రి మంటా, గుండెలో తలుపు బాదే ఆ దరిద్రుడూ, అన్నీ వరసపెట్టి తోటకి చెప్పాను. మా ఆవిడకి కూడా అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. రెండో వరస. మూడో వరస. ఎక్కడో పొదలో చిటపటమంది. వాడి గోళ్ళు నా ముంజేతి పాత గాట్లలో దిగబడ్డాయి. ఇద్దరం నిలబడిపోయాం. నా గొంతు ఆగిపోయింది. దడ వచ్చింది, వాడిదో నాదో తెలియనంతగా. పొదలోంచి ఒక ముంగిస వచ్చి, మమ్మల్ని లెక్కచెయ్యకుండా అడ్డంగా వెళ్ళిపోయింది.

బకెట్టు ఆ చెట్టు కిందే ఉంది. ఒకవైపంతా సొట్టలు, అంచు చిరిగి ఉంది. పక్కన నేల మీది మరక వానకి పోయిందో, మట్టి తాగేసిందో కనబడలేదు. వాడు వంగి ఒక జీడిపిక్క తీశాడు. బకెట్టులో వేశాడు. ఇంకోటి. ఇంకోటి. నేను అలాగే నోరు మూసుకుని చూస్తున్నాను.

“ఆపేసినావేటి?” అన్నాడు తల ఎత్తకుండా, ఆ సందులోంచే. “గట్టిగా అను బావా. ఎడం మోకాలు మరిసిపోనావు.”